కోకా సుబ్బారావు

కోకా సుబ్బారావు (1902 జూలై 15 – 1976 మే 6) భారతదేశ సుప్రీంకోర్టుకు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి. ఆంధ్ర హైకోర్టుకు, ఆ తరువాత ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కూడా ఈయనే. 1967లో వెలువడిన గోలక్‌నాథ్ కేసు తీర్పు వలన, అదే సంవత్సరం రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా పోటీ చేయడం వలన ఈయన పేరు దేశమంతటా మారుమోగింది. న్యాయశాస్త్ర విద్యార్థులు మాత్రం ఈయనను ఎక్కువగా తలచుకునేది 1962లో ఖరక్ సింగ్ కేసులో రాసిన అసమ్మతి తీర్పు గురించి. వ్యక్తిగత గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన స్వేచ్ఛలో భాగమని, మనిషి మనసుపై వేసే ఒత్తిడి కూడా స్వేచ్ఛకు సంకెలేనని అందులో ఈయన చెప్పాడు. ఆనాడు ఆరుగురు న్యాయమూర్తులలో ఇద్దరి అభిప్రాయంగా మిగిలిపోయిన ఆ మాటను 55 ఏళ్ళ తరువాత తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆమోదించింది. మానసిక వైద్యుని ఎదుట రోగి విప్పి చెప్పుకున్న మాటలు బయటకు పొక్కకూడదనే నియమానికి భారతదేశంలో నేడున్న రాజ్యాంగ బలం చాలావరకు ఈ దారిలోనే వచ్చింది.

జననం, విద్యాభ్యాసం

సుబ్బారావు గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రిలో ఒక వెలమ కుటుంబంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. ఆయన చిన్న వయసులోనే మరణించాడు. సుబ్బారావు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివాడు. చదువుకునే రోజులలో మంచి ఆటగాడిగా కూడా పేరు తెచ్చుకున్నాడు.

న్యాయవాద వృత్తి

మద్రాసులో మామగారైన పి. వెంకటరమణారావు నాయుడు కార్యాలయంలో వృత్తి ప్రారంభించాడు. వెంకటరమణారావు నాయుడు ఒకప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులు వద్ద జూనియరుగా పనిచేసినవాడు. మధ్యలో సుబ్బారావు జిల్లా మున్సిఫుగా ఎంపికై గుంటూరు జిల్లా బాపట్లలో కొన్ని నెలలు ఉద్యోగం చేశాడు. మామగారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి కావడంతో బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలసి మద్రాసులో ప్రాక్టీసు నడిపాడు. ఈ రాజమన్నారే తరువాతి కాలంలో మద్రాసు అడ్వకేట్ జనరల్‌గాను, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగాను పనిచేశాడు. సుబ్బారావు 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితుడయ్యాడు.

గుంటూరు, హైదరాబాదు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు మరో ప్రాంతంలో ఉండాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. కొత్త హైకోర్టు ఏర్పాటుకు సుబ్బారావును ప్రత్యేకాధికారిగా నియమించారు. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైనప్పుడు ఈయనే మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. అదే సంవత్సరం తిరుపతిలో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా కూడా వ్యవహరించాడు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైకోర్టు హైదరాబాదుకు మారింది. అక్కడా ఈయనే మొదటి ప్రధాన న్యాయమూర్తి.

సుప్రీంకోర్టులో

1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా బాధ్యతలు స్వీకరించాడు. తోటి న్యాయమూర్తులతో విభేదించడానికి వెనుకాడని వ్యక్తిగా త్వరలోనే పేరు వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులో వెలువడిన సర్చ్‌లైట్ పత్రిక కేసులో, శాసనసభ హక్కుల పేరిట పత్రికా స్వేచ్ఛను తగ్గించరాదని ఒంటరిగా అసమ్మతి తెలిపాడు. 1963లో దేవదాసన్ కేసులో, వెనుకబడిన తరగతులకు ఉద్యోగాలలో రిజర్వేషన్లు సమానత్వ సూత్రానికి మినహాయింపు కాదని, ఆ సూత్రాన్ని అమలు పరచే మార్గమేనని మరొక అసమ్మతి రాశాడు. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో, 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండవ అభిప్రాయం వైపే మొగ్గింది.

నేరం చేసిన సమయంలో మనిషి మనస్థితి ఎలా ఉన్నదో తేల్చవలసిన రెండు ప్రసిద్ధ కేసులలో తీర్పు రాసినది కూడా సుబ్బారావే. మొదటిది 1961 నాటి నానావతి కేసు. భార్య ప్రియుని కాల్చి చంపిన నౌకాదళ అధికారికి పడిన జీవితఖైదును ఈ తీర్పు ఖాయం చేసింది. భార్య తప్పు ఒప్పుకున్న క్షణానికి, తుపాకీ పేలిన క్షణానికి మధ్య ఆవేశం చల్లారడానికి తగినంత వ్యవధి ఉన్నదని కోర్టు భావించింది.

రెండవది 1964 నాటి దహ్యాభాయ్ ఠక్కర్ కేసు. భార్యను చంపిన నేరానికి శిక్షపడిన వ్యక్తి ఆ సమయంలో తనకు మతిస్థిమితం లేదని వాదించాడు. వాదన నిలబడలేదు, అప్పీలు వీగిపోయింది. కాని ఆ సందర్భంలో సుబ్బారావు నిర్దేశించిన సూత్రం నేటికీ దేశమంతటా కోర్టులలో ఉపయోగపడుతున్నది. నేరోద్దేశాన్ని నిస్సందేహంగా నిరూపించే బాధ్యత ఎల్లప్పుడూ ప్రాసిక్యూషన్‌దే. తనకు మతి చలించిందని చూపే భారం ముద్దాయిపై ఉన్నా, అది సివిలు దావాలో కక్షిదారు మోసే భారంకన్నా ఎక్కువ కాదు. పూర్తిగా నిరూపించలేకపోయినా, అతడు చూపిన ఆధారాలు నేరోద్దేశంపై సహేతుకమైన సందేహం కలిగిస్తే విడుదల చేయాలి. మానసిక వైద్యుడు సాక్షిబోనులో నిలబడవలసి వచ్చే సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఇక్కడ రోగి తన వైద్య చరిత్రను తానే కోర్టు ముందు తెరుస్తాడు కనుక గోప్యత ప్రశ్న రాదు. అతడు తెరవకుండానే ఇతరులు తెరవబోయినప్పుడు ఏమిటన్నది వేరే ప్రశ్న. దానికి దారి చూపినది అంతకు రెండేళ్ళ ముందటి మరో కేసు.

ఖరక్ సింగ్ కేసు

ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌పై 1941లో ఒక దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేనందున వదలిపెట్టారు. అయినా పోలీసులు అతనిపై హిస్టరీ షీటు తెరిచారు. ఆ రాష్ట్ర పోలీసు నిబంధనలలోని 236వ నిబంధన కింద అతని ఇంటికి రహస్యంగా కాపలా పెట్టవచ్చు, రాత్రివేళ వెళ్ళి తలుపు తట్టవచ్చు, అతని అలవాట్లు, రాబడి, ఖర్చు, సహవాసాల గురించి ఆరా తీయవచ్చు, ఊరు విడిచి వెళితే ఎక్కడికి వెళ్ళాడో రాసుకోవచ్చు. కానిస్టేబుళ్ళు, చౌకీదారు అర్ధరాత్రి వచ్చి నిద్ర లేపుతున్నారని, పొరుగూరికి వెళ్ళాలన్నా ముందుగా చెప్పి వెళ్ళవలసి వస్తున్నదని అతడు నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేశాడు. ఈ నిబంధనలకు ఏ శాసనమూ ఆధారంగా లేదు. అవి కేవలం శాఖాపరమైన ఆదేశాలు.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. నలుగురి తరఫున జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాసిన తీర్పు రాత్రివేళ ఇంటికి వెళ్ళడాన్ని మాత్రం కొట్టివేసింది. మిగిలిన నిఘా చెల్లుతుందని, గోప్యత హక్కు అనేది మన రాజ్యాంగంలో హామీ ఇచ్చిన హక్కు కాదని చెప్పింది. ఇందులో ఒక వైరుధ్యం ఉన్నది. గోప్యతే హక్కు కానప్పుడు రాత్రి తలుపు తట్టడం ఏ హక్కుకు భంగం? ఈ ప్రశ్నకు నలుగురి తీర్పులో సూటియైన సమాధానం దొరకదు. తరువాతి కాలంలో సుప్రీంకోర్టే ఈ లోపాన్ని ఎత్తి చూపింది.

సుబ్బారావు అభిప్రాయంతో జస్టిస్ జె.సి. షా ఏకీభవించాడు. మొత్తం 236వ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని వీరిద్దరి నిర్ణయం. సుబ్బారావు తర్కం మూడు మెట్లుగా సాగుతుంది. మొదటిది, ప్రాథమిక హక్కులు ఒకదానికొకటి సంబంధం లేని గదులు కావు. 19వ అధికరణంలోని స్వేచ్ఛలు, 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛ ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ప్రభుత్వ చర్య రెండింటి పరీక్షకూ నిలవాలి. రెండవది, వ్యక్తిగత స్వేచ్ఛ అంటే జైలులో లేకపోవడం మాత్రమే కాదు, వ్యక్తిగత జీవితంలోకి ఇతరులు చొరబడకుండా ఉండడం కూడా. రాజ్యాంగంలో గోప్యత అనే మాట లేకపోయినా అది ఆ స్వేచ్ఛలో ఒక భాగం.

మూడవ మెట్టు అన్నిటికన్నా ప్రత్యేకమైనది. నాగరికత పెరిగినకొద్దీ మనిషిని కట్టడి చేసే పద్ధతులు కూడా సూక్ష్మమవుతాయని, శరీరాన్ని బంధించకుండానే మనసును ఒక మూసలోకి నెట్టవచ్చునని ఈయన గుర్తించాడు. ఎవరో చూస్తున్నారన్న భయంతో మనిషి మసలుకునే తీరు మారిపోతుంది. ఎక్కడికైనా పోవచ్చు గాని ప్రతి అడుగునూ ఒక పోలీసు కన్ను వెంటాడుతుంటే ఆ మనిషికి దేశమే జైలు అవుతుంది. గోప్యతలో పనిగట్టుకొని జోక్యం చేసుకోవడం మనిషి సుఖానికి, ఆరోగ్యానికి ఎంతో హాని చేస్తుందని కూడా ఈయన రాశాడు. గోప్యతను ఆస్తికో పరువుకో సంబంధించినదిగా చూడడం అప్పటికి అలవాటు. దానిని మనస్సు ఆరోగ్యంతో ముడిపెట్టిన తీర్పు ఆ కాలంలో అరుదు.

గమనించవలసిన విషయమేమిటంటే ఖరక్ సింగ్ సమాజంలో పెద్దమనిషి కాదు. పోలీసు రికార్డులలో పాత నేరస్థుడిగా ముద్రపడిన సామాన్యుడు. మనసు బాగులేనివారి విషయంలోనూ ప్రశ్న ఇలాగే ఎదురవుతుంది. ఒకసారి పేరు రికార్డుకు ఎక్కినవానికి ఇక దాచుకునే హక్కు లేదని లోకం అనుకుంటుంది.

ప్రధాన న్యాయమూర్తిగా

1966 జూన్ 30న సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. పదవిలో ఉన్నది పది నెలలు కూడా లేదు. 1967 ఫిబ్రవరి 27న పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం 6-5 మెజారిటీతో ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ప్రకటించింది. గతంలో జరిగిన రాజ్యాంగ సవరణల జోలికి పోకుండా ఇకమీదటి వాటికి మాత్రమే ఈ నియమాన్ని వర్తింపజేశారు. దీనికి విరుగుడుగా 1971లో 24వ సవరణ వచ్చింది. 1973లో కేశవానంద భారతి కేసులో గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చారు గాని, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదన్న పరిమితిని విధించారు.

పదవి విడిచే ముందురోజు, 1967 ఏప్రిల్ 10న, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశాలకు ప్రయాణించడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 3-2 మెజారిటీతో తీర్పునిచ్చాడు. ఖరక్ సింగ్ కేసులో నాటిన విత్తనానికి ఇది ఒక మొలక. ఆ తీర్పు ఫలితంగానే నేటి పాస్‌పోర్టుల చట్టం 1967లో వచ్చింది.

రాష్ట్రపతి ఎన్నిక

1967 ఏప్రిల్ 11న సుబ్బారావు పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డాడు. మే 6న జరిగిన పోలింగులో కాంగ్రెసు అభ్యర్థి జాకిర్ హుసేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 లభించాయి. పదవిలో ఉండగా రాజకీయ పక్షాలతో సంప్రదించి న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికలలోకి దిగడం తగదని అప్పట్లో గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. భూసంస్కరణలకు, ఆస్తి స్వాధీనానికి సంబంధించిన తీర్పులలో ఈయన ఆస్తిహక్కు పక్షం వహించాడన్న అభిప్రాయం కూడా బలంగా ఉండేది. ఈయనను కేవలం సంపన్నుల న్యాయమూర్తిగా చూసేవారికి ఖరక్ సింగ్ తీర్పు, దేవదాసన్ తీర్పు అడ్డువస్తాయి.

చివరి రోజులు

పదవి విడిచిన తరువాత రాజ్యాంగంపై ఉపన్యాసాలు ఇచ్చాడు, పుస్తకాలు రాశాడు. 1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసుగా పేరుపడిన వ్యాజ్యంలో, అత్యవసర పరిస్థితి కాలంలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించడానికి కూడా పౌరుడు కోర్టుకు రాలేడని సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే విభేదించాడు. ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు మరణించాడు. వ్యక్తిగత స్వేచ్ఛ గురించి ఈయన చెప్పినదంతా ఆ వారంలో చెల్లని కాగితమై ఉన్నది.

అసమ్మతి తీర్పు తరువాతి చరిత్ర

ప్రాథమిక హక్కులు విడివిడి గదులు కావన్న వాదం 1970లో బ్యాంకుల జాతీయకరణ కేసులోను, 1978లో మేనకా గాంధీ కేసులోను నెగ్గింది. గోప్యత సంగతి అంత సులువుగా తేలలేదు. 1975లో గోవింద్ కేసులో సుప్రీంకోర్టు అటువంటి హక్కు ఉండవచ్చునని జంకుతూ చెప్పింది. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ కేసులో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు దానిని హక్కుగా గుర్తించింది. ఇవన్నీ చిన్న ధర్మాసనాల తీర్పులు. ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పు, 1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన ఎం.పి. శర్మ తీర్పు పుస్తకాలలో అలాగే నిలిచి ఉన్నాయి.

వైద్య రహస్యాలకు దగ్గరగా వచ్చే తీర్పులలో ఒకటి హైదరాబాదుకు చెందినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టానికి చేసిన సవరణతో, బ్యాంకు వంటి చోట్ల ఉన్న ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేసే అధికారం కలెక్టరుకు, ఆయన నియమించిన వ్యక్తులకు లభించింది. సుబ్బారావు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న హైకోర్టే దానిని కొట్టివేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, గోప్యత మనిషికి సంబంధించినదే గాని స్థలానికి సంబంధించినది కాదని చెప్పింది. తన కాగితాన్ని నమ్మకంతో మరొకరి దగ్గర ఉంచినంత మాత్రాన దానిపై గోప్యత పోదు. బ్యాంకు ఖాతాదారునికి వర్తించే ఈ మాట ఆసుపత్రి బీరువాలో కేసు షీటు ఉన్న రోగికి ఇంకా బాగా వర్తిస్తుంది.

వైద్యరంగంలో నేరుగా వచ్చిన కేసు 1998 నాటిది. ఒక వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉన్నదన్న సంగతి ఆసుపత్రి నుండి బయటపడి అతని పెళ్ళి ఆగిపోయింది. రహస్యం కాపాడడం వైద్యుని ధర్మమే అయినా అది నిరపేక్షం కాదని, పెళ్ళాడబోయే స్త్రీ ఆరోగ్యానికి ప్రమాదం ఉన్నప్పుడు చెప్పడం తప్పు కాదని సుప్రీంకోర్టు అన్నది. 2003లో శారద కేసులో, విడాకుల వ్యాజ్యంలో ఒకరి మానసిక స్థితిని తేల్చడానికి వైద్య పరీక్షకు ఆదేశించవచ్చునని, అయితే దానికి బలమైన ప్రాథమిక ఆధారాలు ఉండాలని చెప్పింది. 2010లో సెల్వి కేసులో మాత్రం నిందితుని ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు జరపరాదని తీర్పునిచ్చింది. మనసు లోపలి మాటకు కూడా గోప్యత ఉన్నదన్న భావన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆధార్ పథకంపై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో ప్రభుత్వం ఖరక్ సింగ్, ఎం.పి. శర్మ తీర్పులను చూపి గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని వాదించింది. దానితో 2015 ఆగస్టులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తులు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆరు వేర్వేరు అభిప్రాయాలు రాసినా ఏకగ్రీవంగా ఒకే ఫలితానికి వచ్చారు. ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పులో గోప్యతను నిరాకరించిన భాగాన్ని, జబల్‌పూర్ తీర్పును కూడా ఆ రోజే తోసిపుచ్చారు. జస్టిస్ ఆర్.ఎఫ్. నారిమన్ తన అభిప్రాయంలో దేశ చరిత్రలోని మూడు గొప్ప అసమ్మతి తీర్పులలో ఒకటిగా సుబ్బారావు తీర్పును పేర్కొన్నాడు. రోగి ఆసుపత్రికి ఇచ్చిన వైద్య వివరాలను అనుమతి లేకుండా బయటపెట్టడం గోప్యతా భంగమని కూడా ఆ తీర్పులలో ఒకటి ఉదాహరణగా చెప్పింది.

మానసిక ఆరోగ్య రంగంపై ప్రభావం

మానసిక ఆరోగ్య చట్టం మాత్రం వేరే దారిలో వచ్చింది. 1912 నాటి లూనసీ చట్టం రోగిని ఎక్కడ ఉంచాలన్నదే ప్రధానంగా చూసింది. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం, రోగికి వచ్చే ఉత్తరాలను, రోగి రాసే ఉత్తరాలను మధ్యలో ఆపరాదన్న నియమం పెట్టింది గాని గోప్యతను రోగి హక్కుగా ప్రకటించలేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించిన తరువాత కొత్త చట్టం అవసరమైంది. ఆ విధంగా వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి 2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అంటే పుట్టస్వామి తీర్పుకన్నా నాలుగు నెలలు ముందు. చట్టం 2018లో అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలోని 23వ సెక్షను మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి తన అనారోగ్యం, చికిత్స, శారీరక ఆరోగ్యం గురించిన వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇచ్చింది. చికిత్సలో పాలుపంచుకునే ఆరోగ్య వృత్తినిపుణులందరూ ఆ వివరాలను దాచాలి. మినహాయింపులు కొన్నే. రోగి తరఫున వ్యవహరించే నామినేటెడ్ ప్రతినిధికి, చికిత్సలో పాల్గొనే ఇతర వైద్య నిపుణులకు చెప్పవచ్చు. మరొకరికి హాని జరగకుండా ఆపడానికి చెప్పవచ్చు, అదీ ఆ హానిని ఆపడానికి ఎంత అవసరమో అంతే. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ప్రజాభద్రత కోసం, చట్టబద్ధమైన అధికార సంస్థ లేదా ఉన్నత న్యాయస్థానాల ఆదేశంపై కూడా చెప్పవచ్చు. 24వ సెక్షను రోగి ఫొటోను గాని వివరాలను గాని అనుమతి లేకుండా పత్రికలకు, టీవీలకు ఇవ్వరాదని అంటుంది. 25వ సెక్షను ప్రకారం రోగి తన వైద్య రికార్డులను తాను చూడవచ్చు. అది అతనికి తీవ్రమైన మానసిక హాని గాని, ఇతరులకు హాని గాని కలిగిస్తుందనుకుంటే వైద్యుడు ఆ భాగం వరకు ఆపవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ప్రమాదం గురించి హెచ్చరించే విషయంలో మన చట్టం అమెరికా దారిన పోలేదు. సుబ్బారావు మరణించిన రెండు నెలలలోపే, 1976 జూలై 1న, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తరసోఫ్ కేసులో ప్రసిద్ధమైన తీర్పు ఇచ్చింది. ఒక యువతిని చంపుతానని రోగి చెప్పగా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని మనస్తత్వ నిపుణుడు క్యాంపస్ పోలీసులకు తెలిపాడు గాని, ఆమెను ఎవరూ హెచ్చరించలేదు. ఆమె హత్యకు గురైంది. అటువంటి సందర్భంలో బాధితురాలిని రక్షించే బాధ్యత చికిత్స చేసేవారిపై ఉంటుందని ఆ కోర్టు తేల్చింది. భారత చట్టం చెప్పడానికి అనుమతిస్తుంది గాని, చెప్పి తీరాలని 23వ సెక్షను అనదు.

సుబ్బారావు తీర్పు ఇక్కడ ఎంతవరకు పనికివస్తుందన్నది ఆలోచించవలసిన విషయం. ఈయన ముందున్న కేసులో చొరబడినది ప్రభుత్వం. ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వానికి వ్యతిరేకంగానే పనిచేస్తాయి. మానసిక రోగి విషయంలో ఆరా తీసేది సాధారణంగా కానిస్టేబులు కాదు. పెళ్ళి సంబంధం చూసేవారు, ఉద్యోగం ఇచ్చే యజమాని, ఆస్తి పంపకాలలో ఉన్న దాయాదులు, కొన్నిసార్లు ప్రేమతోనే అడిగే తల్లిదండ్రులు. మన ఇళ్ళలో రోగిని వైద్యుని వద్దకు తీసుకువచ్చేది, ఫీజు కట్టేది, మందులు వేసేది కుటుంబమే. తమకు చెప్పకుండా దాచేదేమిటని వారు అడగడం సహజం. ఇటువంటి చోట రాజ్యాంగం కంటే ముందుగా రోగికి అండగా నిలిచేది 23వ సెక్షను, వైద్యుల నీతినియమావళి. రోగి ఎంచుకున్న నామినేటెడ్ ప్రతినిధికి తప్ప బంధువన్న కారణంతో ఎవరికీ వివరాలు తెలుసుకునే హక్కు చట్టం ఇవ్వలేదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనలు కూడా వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాలను వైద్యుడు బయటపెట్టరాదని, న్యాయమూర్తి ఆదేశం, నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ప్రమాదం, ప్రభుత్వానికి తెలియజేయవలసిన అంటువ్యాధుల వంటి సందర్భాలు మాత్రమే దీనికి మినహాయింపులని చెప్పాయి.

సాక్ష్యపు చట్టంలో మాత్రం ఒక లోటు అలాగే ఉన్నది. 1872 నాటి భారత సాక్ష్యాధారాల చట్టం కక్షిదారు తన న్యాయవాదికి చెప్పిన మాటలకు రక్షణ ఇచ్చింది గాని, రోగి తన వైద్యునికి చెప్పిన మాటలకు ఇవ్వలేదు. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా న్యాయవాదికి ఉన్న ఆ రక్షణనే కొనసాగించి, మానసిక వైద్యులను, మనస్తత్వ నిపుణులను అందులో చేర్చలేదు. కోర్టు ఆదేశిస్తే వారు బోనులో సమాధానం చెప్పవలసినదే.